కుంకుమ భరిణెలో పన్ను

ముక్కనుమ వెళ్ళిన నాలుగో రోజు. క్లినిక్ షట్టరు ఇంకా పూర్తిగా ఎత్తనేలేదు, ఒకామె లోపలికి వచ్చి నా బల్ల మీద కుంకుమ భరిణె పెట్టింది. మూత తీస్తే అందులో పన్ను. వెనకాల ఆమె కొడుకు, పాతికేళ్ళుంటాయేమో, వాచిన పెదవి మీద కుట్లతో నిలబడ్డాడు.

"దీన్ని మళ్ళీ అతికించేయండి డాక్టరమ్మా."

అతకదు. ఊడిన పన్నును వేరు ముట్టుకోకుండా పట్టుకుని, పాలలో వేసి, గంటలోపు తెస్తే నిలబడే ఆశ ఉంటుంది. ఇది నాలుగు రోజులుగా కుంకుమలో ఎండిపోయింది. ఆ మాట చెబితే ఆమె నెత్తి కొట్టుకుంది. ఆమెది టిఫిన్ కొట్టు. ఇంట్లో పాలకి లోటే లేదట.

నాది పర్లాకిమిడి. ఒడిశాలో గజపతి జిల్లా. ఊరు దాటితే పాతపట్నం, అది శ్రీకాకుళం జిల్లా. నా బోర్డు మీద ఒడియా, తెలుగు, ఇంగ్లీషు మూడూ ఉంటాయి. లోపల ఒక కుర్చీ, ఒక కంప్రెసర్, ఒక ఎక్స్‌రే. గుడాఖుతో, అంటే పొగాకు ముద్దతో, పళ్ళు తోముకునేవాళ్ళు, చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగి అంగిలి తెల్లబడిన ముసలమ్మలు, రాత్రంతా పిప్పి పన్నుతో నిద్రలేక తెల్లారగానే వచ్చేవాళ్ళు, వీళ్ళే నా పేషెంట్లు. ఇన్సూరెన్స్ గురించి ఎవరైనా అడిగితే "పంటికి రాదు" అని ఒక్క ముక్కలో చెప్పి పంపేదాన్ని. తొమ్మిదేళ్ళు అలాగే చెప్పాను. అది సగమే నిజమని ఈ అబ్బాయి వల్ల తెలిసింది.

ముక్కనుమ సాయంత్రం కాశీనగర్ రోడ్డులో ఆవు అడ్డొచ్చి బండి మీంచి పడ్డాడు. తలకి దెబ్బ తగిలిందని శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రెండు రాత్రులు ఉంచి, స్కాన్ తీసి, పెదవి కుట్టి పంపారు. పైన ముందు పళ్ళు రెండింటిలో ఒకటి భరిణెలో ఉంది, రెండోది ఊగుతోంది. ఊగే పన్నుకి వైరు కట్టాను. తర్వాత దాని నరం చచ్చిపోతే రూట్ కెనాల్ చేశాను. ఖాళీలో తాత్కాలికంగా ఒక పన్ను పెట్టాను. అన్నీ కలిపి 8,500 రూపాయలు.

ఆసుపత్రి బిల్లు డబ్బు ఇన్సూరెన్స్ కంపెనీ ఇచ్చేసింది కానీ నా బిల్లు తిప్పి పంపారు. కారణం ఒక్క లైను: దంత చికిత్స చెల్లదు.

అతను పాలసీ పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆరోగ్య సంజీవని. 2020 ఏప్రిల్ 1 నుంచి, ఏ కంపెనీ అమ్మినా ఒకే షరతులతో అమ్మాలని తెచ్చిన ఆరోగ్య బీమా పాలసీ ఇది. వాడుక భాష కోసం అంత పోరాటం చేసిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్ళో కూర్చుని, ఆ ఇంగ్లీషు వాక్యాలు ఒక్కోటి మూడేసి సార్లు చదివాను. ఆసుపత్రి ఖర్చుల కింద స్పష్టంగానే ఉంది: జబ్బు వల్ల గానీ దెబ్బ వల్ల గానీ అవసరమైన దంత చికిత్సకి డబ్బు ఇస్తారు. అయితే కనీసం 24 గంటలు ఆసుపత్రిలో చేరి ఉండాలి. మా లాంటి ఊళ్ళలో ఆసుపత్రి అంటే కనీసం 10 మంచాలుండాలి. నా దగ్గర ఒక్కటీ లేదు. అంటే పిప్పి పన్నుకి నా కుర్చీలో చేసే వైద్యం దీని కిందకి రాదు. కానీ చేరిన కారణానికే సంబంధించిన ఖర్చయితే చేరకముందు 30 రోజులు, డిశ్చార్జి తర్వాత 60 రోజుల వరకు వస్తుంది. ప్రతి బిల్లులో 5 శాతం మనమే పెట్టుకోవాలి.

మరి ఎందుకు తిప్పి పంపారు? డిశ్చార్జి కాగితం తీసి చూస్తే తెలిసింది. తలకి దెబ్బ, పెదవికి గాయం అని ఉంది. పన్ను మాటే లేదు. తలకాయ చూసే హడావిడిలో పన్ను ఎవరికి గుర్తుంటుంది? నా తప్పు అంతకంటే పెద్దది. నేనిచ్చిన చీటీలో "21 లేదు, 11 కదులుతోంది, వైరు కట్టాను" అని రాశాను. ఎందుకు లేదో, ఎలా పోయిందో రాయలేదు. చదివినవాడికి అది చిగుళ్ళ జబ్బులా కూడా కనబడుతుంది.

ఆ అంకెలు ఇంకో తమాషా చేశాయి. మాకు 21 అంటే పైన ఎడమవైపు మొదటి పన్ను. 11 అంటే పైన కుడివైపు మొదటి పన్ను, ఒకటి-ఒకటి అని చదువుతాం. బిల్లులో "రూట్ కెనాల్ 11" అని చూసి, టీపీఏ వాళ్ళు, అంటే కంపెనీ తరఫున బిల్లులు పరిశీలించే సంస్థ వాళ్ళు, పదకొండు రూట్ కెనాళ్ళకి విడివిడిగా వివరం పంపమన్నారు. పదకొండు రూట్ కెనాళ్ళు 3,500కి చేస్తే నా క్లినిక్ ముందు క్యూ పాతపట్నం దాకా ఉండేది.

పాలసీ అమ్మిన ఏజెంటు ఫోన్ చేశాడు. "పాత తేదీ వేసి కొత్త చీటీ రాసేయండి మేడం, అందరూ చేసేదే." రాయనన్నాను. నీతి సంగతి అలా ఉంచండి, నా రిజిస్టర్లో ఆ రోజు రాసింది వేరు, చీటీలో ఉండేది వేరు అయితే రేపు ఇరుక్కునేది నేనే. ఈ కథ ఊళ్ళో పాకాక మరో ముగ్గురు వచ్చి, పుచ్చిపోయిన పన్ను చూపించి "యాక్సిడెంట్ అని రాసేయండి డాక్టరమ్మా" అన్నారు. పుచ్చిన పన్నుకీ విరిగిన పన్నుకీ ఎక్స్‌రేలో తేడా పాలసీ కంపెనీ డాక్టరుకి తెలీదనుకుంటారు.

నేను చేసింది ఇది. పాత తేదీ వేయకుండా, రాసిన రోజు తేదీతోనే ఒక ఉత్తరం రాశాను: ఫలానా రోజున చూశాను, పెదవి మీద కుట్లున్నాయి, పన్ను ఊడిన గుంట ఇంకా పచ్చిగా ఉంది, ఎక్స్‌రేలో కనబడింది ఇది అని. రిజిస్టరు పేజీ జిరాక్సు, ఎక్స్‌రే జత చేశాను. అతను శ్రీకాకుళం వెళ్ళి ఆసుపత్రిలో అడిగితే మొదటి రోజు నర్సు రాసిన కాగితంలో "పై పన్ను లేదు, నోట్లో రక్తం" అని దొరికింది. ఆ నర్సు ఎవరో గానీ ఆమె రాసిన ఆ నాలుగు మాటలే మమ్మల్ని గట్టెక్కించాయి. ఆసుపత్రి వాళ్ళు దాన్ని జత చేసి లెటర్ ఇచ్చారు. పోలీస్ స్టేషన్ డైరీ ఎంట్రీ ఒడియాలో ఉంటే, టీపీఏ అర్థం కాలేదని వెనక్కి పంపింది. రిటైరైన ఒడియా మాస్టారు ఒకాయన ఇంగ్లీషులో రాసిపెట్టి, డబ్బివ్వబోతే టీ ఇప్పించమన్నారు.

ఇంత పంపినా మళ్ళీ అదే లైను వచ్చింది. కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాశాం. నెల గడిచినా ఉలుకూ పలుకూ లేదు. అప్పుడు భువనేశ్వర్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కి పెట్టాం. ఇన్సూరెన్స్ కంపెనీల మీద ఫిర్యాదులు తేల్చే అధికారి ఆయన. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. కంపెనీ కాదన్నాక ఏడాదిలోపు, లేదా నెల రోజులు జవాబు రాకపోతే, వెళ్ళొచ్చని నాకు అప్పటిదాకా తెలీదు. విచారణ దాకా పోలేదు. కంపెనీ నుంచే ఫోన్ వచ్చింది, పదిహేను రోజుల్లో 8,075 రూపాయలు అతని ఖాతాలో పడ్డాయి. 5 శాతం పోగా లెక్క సరిగ్గా సరిపోయింది.

బ్రిడ్జి, అంటే పక్క పళ్ళ ఆసరాతో ఖాళీలో కట్టే పన్ను, దాని డబ్బు మాత్రం రాలేదు. పన్ను ఊడిన చోట ఎముక, చిగురు సర్దుకోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది. తొందరపడి పెడితే తర్వాత కింద సందు పడుతుంది. నేను ఆగి, ఉగాది వెళ్ళాక పెట్టాను. డిశ్చార్జి నుంచి అది 74వ రోజు. పాలసీ 60 దగ్గరే ఆగింది. 13,500 మొత్తం వాళ్ళే కట్టుకున్నారు, నాలుగు వాయిదాల్లో. ముందే పెట్టేయాల్సిందా అని ఆ అబ్బాయి ఒకసారి అడిగాడు. ఇప్పుడైనా నేను ఆగేదాన్నే, కానీ ఆ 60 రోజుల సంగతి మొదటి రోజే చెప్పి ఉండాల్సింది.

ఆ ఏప్రిల్‌లోనే ఒడిశాలో ఆయుష్మాన్ కార్డు మొదలైంది, రాష్ట్ర ప్రభుత్వ పథకమైన గోపబంధు జన ఆరోగ్య యోజనతో కలిపి. కార్డు పట్టుకుని పన్ను నింపించుకోవడానికి వచ్చేవాళ్ళు పెరిగారు. దవడ విరిగితే కార్డు చెల్లే ఆసుపత్రికి వెళ్ళండి, పన్ను నింపడానికైతే ఇక్కడ పనిచేయదు అని చెబుతున్నాను. ఇదివరకులా "పంటికి రాదు" అని మాత్రం అనడం లేదు. దెబ్బ తగిలి వచ్చినవాళ్ళకి మొదటి ప్రశ్న ఒకటే: ఆసుపత్రి కాగితంలో పన్ను గురించి రాశారా?

చివరి వాయిదా ఇవ్వడానికి వచ్చినప్పుడు ఆ తల్లి అరటాకులో ఇడ్లీలు కట్టి తెచ్చింది. కొంగు ముడి విప్పి భరిణె కూడా తీసింది. సాక్ష్యం అడుగుతారేమోనని ఇన్ని నెలలూ దాచిందట.

"ఇంక దీన్ని పారేయొచ్చా డాక్టరమ్మా?"

పారేయమన్నాను. ఆమె వీధిలోకి వెళ్ళి మా పెంకుల మీదకి విసిరింది, పాలపన్నుని విసిరినట్టు.