ఎస్‌ఆర్‌ఎఫ్ అప్‌గ్రేడ్: నా అనుభవం

నిన్న సాయంత్రం పరకాల బస్టాండులో దిగగానే మెసేజ్ వచ్చింది, ఎస్‌ఆర్‌ఎఫ్ అరియర్స్ అకౌంట్‌లో పడ్డాయని. పీహెచ్‌డీ చేసేవాళ్లకు మొదటి రెండేళ్లు వచ్చే ఫెలోషిప్ జేఆర్‌ఎఫ్, తర్వాత రివ్యూ దాటితే వచ్చేది ఎస్‌ఆర్‌ఎఫ్. జేఆర్‌ఎఫ్‌కు నెలకు 37,000, ఎస్‌ఆర్‌ఎఫ్‌కు 42,000. తేడా ఐదు వేలే. ఆ ఐదు వేల వెనకాల ఏం జరిగిందో మర్చిపోకముందే రాసి పెడుతున్నాను.

కాకతీయ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేశాను. జేఆర్‌ఎఫ్ కోసం రాసే సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్ష రెండోసారికి వచ్చింది, కోచింగ్ లేకుండా, హనుమకొండలో అద్దె గదిలో చదువుకుని. ఆ పరీక్ష రాసేవాళ్లకు ఒక మాట: పార్ట్ సీలో 30 ప్రశ్నల్లో 20 రాస్తే చాలు, తెలియనివి ముట్టుకోకండి, తప్పుకు పావు వంతు కోస్తారు. పీహెచ్‌డీ ఇంటర్వ్యూ ఇరవై నిమిషాల్లో అయిపోయింది. చేరిన సంస్థ పేరు రాయను.

నా పని బిస్మత్ సెలినైడ్ క్రిస్టల్స్ మీద. దీన్ని టోపలాజికల్ ఇన్సులేటర్ అంటారు. లోపల కరెంటు పారకూడదు, పైపొర మీద మాత్రమే పారాలి. క్వార్ట్జ్ ట్యూబులో బిస్మత్, సెలీనియం తూకం వేసి పోసి, గాలి తీసేసి, మంటతో మూతి మూసి, ఫర్నేస్‌లో 850 డిగ్రీల దాకా మెల్లగా వేడి చేసి, తర్వాత రోజుల తరబడి ఇంకా మెల్లగా చల్లార్చాలి. తొందరపడితే సెలీనియం ఆవిరి ఒత్తిడికి ట్యూబు పగిలిపోతుంది. నాకు మొదటి ఏడాది నాలుగు పగిలాయి. ఇప్పుడు మా ల్యాబులో నా అంత బాగా ట్యూబు సీల్ చేసేవాళ్లు లేరు.

అసలు చిక్కు వేరు. క్రిస్టల్ పెరిగేటప్పుడు సెలీనియం కొంత తప్పించుకుంటుంది, దాని చోటు ఖాళీ పడుతుంది, ఆ ఖాళీలు ఎలక్ట్రాన్లను వదులుతాయి. దాంతో లోపల కూడా కరెంటు పారి పైపొర సంగతి కనపడకుండా పోతుంది. చల్లబరిచే కొద్దీ రెసిస్టెన్స్ పెరగాల్సింది పోయి లోహంలాగా తగ్గుతుంది. ఈ పదార్థంతో పనిచేసే ప్రతి ల్యాబులోనూ తెలిసిన సమస్య ఇది. నా మొదటి రెండేళ్లూ దీనికే పోయాయి.

రెండేళ్లు నిండాక ఎస్‌ఆర్‌ఎఫ్ ఇవ్వాలా వద్దా అని చూడటానికి ముగ్గురు సభ్యుల కమిటీ కూర్చుంటుంది. గైడ్, హెచ్‌ఓడీ, బయటి నుంచి ఒక ఎక్స్‌టర్నల్. నాది మూడో స్లయిడ్ దగ్గరే ఆగింది. రెసిస్టెన్స్ గ్రాఫ్ చూసి ఎక్స్‌టర్నల్ అన్నారు: "ఇది ఇన్సులేటరే కాదు కదమ్మా, రెండేళ్లు ఏం చేశావు?" జవాబు నాకు తెలుసు. పైన రాసిందే జవాబు. కానీ ఇంగ్లిష్‌లో సగం దాకా వచ్చి మాట ఆగిపోయింది. ఎమ్మెస్సీ ఎక్కడ చేశావని ఆయన అడిగారు. చెప్పాను. "అదీ సంగతి" అన్నారు. ఆ రెండు మాటలు ఇంకా చెవిలో ఉన్నాయి. హెచ్‌ఓడీ ఫోన్ చూసుకుంటున్నారు. ప్రతి ట్యూబు సంగతీ తెలిసిన గైడ్ తలెత్తలేదు. పనితీరు తృప్తికరంగా లేదని రాసి, జేఆర్‌ఎఫ్‌గానే ఉంచి ఆరు నెలల తర్వాత చూద్దామన్నారు. నేను బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని చాలాసేపు ఏడ్చాను. విద్యార్థి నోరు పెగలనప్పుడు గైడ్ ఒక్క మాట సాయం అనకపోతే ఇక గైడ్ ఎందుకు? రేపు నా దగ్గరికి విద్యార్థులొస్తే నేను అలా కూర్చోను.

ఆ రాత్రి అవ్వకు ఫోన్ చేస్తే బాపు తీసుకుని "మల్ల పెట్టు బిడ్డా, పత్తి ఒక్కపారే ఏరుతమా?" అన్నాడు.

మళ్లీ పెట్టాను. ఈసారి టెల్లూరియం కూడా కలిపాను, బిస్మత్ రెండు పాళ్లు, టెల్లూరియం రెండు, సెలీనియం ఒకటి. ఈ మూడింటి కలయికలో లోపలి కరెంటు బాగా తగ్గుతుందని అప్పటికే పేపర్లున్నాయి. ఏడో ట్యూబుకు కుదిరింది. కాజీపేటలో రైలెక్కి ఇండోర్‌లోని యూజీసీ-డీఏఈ సీఎస్‌ఆర్ అనే పరిశోధన కేంద్రానికి వెళ్లి కొలిపించాను, యూనివర్సిటీల వాళ్ల కోసం అక్కడ లో టెంపరేచర్ పరికరాలున్నాయి. చల్లబడుతున్న కొద్దీ రెసిస్టెన్స్ పైకి పోతుంటే స్క్రీన్ ముందు నుంచి లేవలేదు.

రెండో రివ్యూకు వేరే ఎక్స్‌టర్నల్ వచ్చారు. స్లయిడ్లు పక్కన పెట్టి నా నోట్‌బుక్ అడిగారు. చెడిపోయిన ట్యూబులన్నీ తేదీ, తూకం, ఎందుకు పోయిందో రాసి ఉన్నాయి. అవే ఎక్కువసేపు చూసి "ఇదంతా పనే కదా" అన్నారు. పదిహేను నిమిషాల్లో సంతకాలయ్యాయి. అందుకే చెప్తున్నాను, చెడిపోయినవి కూడా రాసుకోండి, రివ్యూకు ఆ పుస్తకం పట్టుకుపోండి.

తర్వాత ఫైలు ఆఫీసులో నాలుగు నెలలు పడుంది. అడిగిన ప్రతిసారీ "పంపినం" అన్నారు. చివరికి చూస్తే ఒక సీలు లేదని అక్కడే ఉంది. నోటి మాట నమ్మకండి, డిస్పాచ్ నంబర్ అడిగి రాసుకోండి.

2023లో కేంద్రం నేషనల్ క్వాంటమ్ మిషన్‌కు 6,003 కోట్లు మంజూరు చేసింది, తర్వాత ఇలాంటి పదార్థాల మీద పని కోసం మెటీరియల్స్ హబ్ ఐఐటీ ఢిల్లీలో పెట్టారు. అప్పటి నుంచి ఈ లైన్లోకి రావాలా అని జూనియర్లు ఫోన్లు చేస్తున్నారు. రండి. ఫర్నేస్ పక్కన కాపలా ఉండే ఓపిక ఉంటేనే రండి.

ఇవాళ పొద్దున బాపు చేతిలో చిన్న ముక్క పెట్టాను. టేపుతో పొర లేపి చూపిస్తే అద్దంలా మెరిసింది. వాకిట్లో ఎండకు పెట్టి అటూ ఇటూ తిప్పి "దీనికేనా వాళ్లు నిన్ను అన్ని మాటలన్నది" అని అడిగి, జాగ్రత్తగా కాగితంలో చుట్టి తిరిగిచ్చాడు.