రామప్ప కట్ట మీద స్పంజికల ముచ్చట
తమిళనాడు సముద్ర తీరంలోని మండపం ఊరి నుంచి ఇల్లు చేరిన తెల్లారే బాపు అడిగాడు, "మూడు నెలలు సముద్రం కాడ ఏం చూసినవ్ బిడ్డా?" స్పంజికలు అన్నాను. "గిన్నెలు తోమేదా?" అన్నాడు. అది ప్రాణమున్న జంతువని, పగడపు దిబ్బల్లో అది లేకపోతే ఎన్నో జీవులకు తిండి కరువని ఆయనకు సరిగ్గా చెప్పాలనిపించింది. "ఆదివారం రామప్పకు పోదాం, అక్కడ చెప్తా" అన్నాను.

హనుమకొండలో పొద్దున్నే బయల్దేరాం. ములుగుకు ముందు గట్టమ్మ గుడి దగ్గర బండి ఆపి బాపు కొబ్బరికాయ కొట్టాడు. జంగాలపల్లి దగ్గర మళ్లాక దారి పొడుగునా వరి నాట్లే. పాలంపేట చేరేసరికి తొమ్మిదైంది.

గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి ఇది. వచ్చినవాళ్లంతా మదనికల ముందు ఆగుతారు. నేను మాత్రం బాపుకు ముందు శిఖరం చూపించాను. దాని ఇటుకలు నీళ్ల మీద తేలతాయని ఆయనకూ తెలుసు. లోపలంతా సన్నటి బొరియలు కాబట్టే అంత తేలిక. స్పంజిక ఒళ్లూ అట్లాగే ఉంటుంది, కాకపోతే దాని బొరియల్లో సముద్రం పారుతుంటుంది. లోపలి కణాలకు కశాభాలనే సన్నటి తోకలుంటాయి. అవి కొట్టుకుంటుంటే పక్క రంధ్రాల నుంచి నీళ్లు లోపలికొచ్చి, పైనున్న పెద్ద నోటి గుండా బయటికి పోతాయి. కిలో స్పంజిక రోజుకు 24,000 లీటర్ల దాకా వడకట్టగలదని లెక్క.

"అంటే ఐదు ట్యాంకర్లు!" బాపు శిఖరం వైపు మళ్లీ చూశాడు.

అక్కడి నుంచి చెరువు కట్ట మీదికి నడిచాం. ఆగస్టు వానలకు చెరువు నిండి, గాలికి అలలు కట్టను కొడుతున్నాయి. నేను చెప్పాలనుకున్న అసలు సంగతికి ఇంతకన్నా మంచి చోటు లేదు.

పగడపు దిబ్బల చుట్టూ ఉండే నీళ్లలో పోషకాలు చాలా తక్కువ. అందుకే అవి అంత తేటగా కనిపిస్తాయి. అలాంటి చోట అన్నన్ని జీవులు ఎలా బతుకుతున్నాయన్న ప్రశ్న డార్విన్ కాలం నుంచీ ఉంది. పగడాలు, నాచు వదిలే జిగురులో చాలా భాగం నీళ్లలో కరిగిపోతుంది. కరిగినదాన్ని చాలా జీవులు తినలేవు. స్పంజిక, దాని లోపలి సూక్ష్మజీవులు మాత్రం దాన్ని పీల్చుకుంటాయి. ఆ తర్వాత స్పంజిక తన పాత కణాలను రాల్చేస్తుంది. ఆ రాలిన మడ్డి మిగతా చిన్న జీవులకు తిండి అవుతుంది. కరీబియన్‌లోని కురసావ్ దీవి దగ్గర ఈ చక్రాన్ని గమనించిన శాస్త్రవేత్తలు 2013లో దాన్ని లోకానికి చూపించారు.

బాపు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఎండకాలం చెరువుల పూడిక మట్టి తీసి పొలానికి తోలినట్టే గదా" అన్నాడు. అవును, సరిగ్గా అదే. ఎన్ని పరిశోధన పేపర్లు చదివినా నాకు ఆ పోలిక తట్టలేదు.

"మరి లోపల ఉన్న పురుగులకేం లాభం?"

పురుగులు కావు, బ్యాక్టీరియా. కొన్ని స్పంజికల బరువులో మూడో వంతుకు పైగా అవే. వాటికి అక్కడ నీడ, తిండి దొరుకుతాయి. అవీ ఊరికే ఉండవు. స్పంజిక వదిలే అమ్మోనియాను కొన్ని నైట్రేట్‌గా మారుస్తాయి. వెలుతురు తగిలే పైపొరలో ఉండే సైనోబ్యాక్టీరియా ఎండతో ఆహారం తయారుచేసి స్పంజికకూ పంచుతాయి. నీళ్లతో వచ్చే బ్యాక్టీరియాను స్పంజిక తినేస్తుంది గానీ, తన ఇంటివాటిని వదిలేస్తుంది. చాలా జాతుల్లో తల్లి తన లార్వాలకు ఈ తోడును కూడా ఇచ్చి పంపుతుంది. ఇది నేను మొదటిసారి చదివిన రోజు రాత్రి నిద్ర పట్టలేదు. పుట్టే బిడ్డకు ఊరినే కట్టి ఇచ్చినట్టు కదా!

ఆస్ట్రేలియా పక్కనున్న పగడపు దిబ్బల వరుస గ్రేట్ బారియర్ రీఫ్‌లోని ఒక స్పంజికను శాస్త్రవేత్తలు వేడి నీళ్ల తొట్లలో పెట్టి చూశారు. 31 డిగ్రీల దాకా దాని బ్యాక్టీరియా అలాగే నిలిచింది. 33కి రాగానే కొద్ది రోజుల్లోనే ఆ తోడు చెదిరిపోయి, స్పంజిక ఒళ్లు కుళ్లడం మొదలైంది. ఇది చెబుతుంటే నా గొంతు మారిందేమో, బాపు నా భుజం మీద చెయ్యి వేశాడు.

"రెండు డిగ్రీలకేనా?"

"రెండు డిగ్రీలకే బాపు."

తిరుగు దారిలో ములుగు దాకా ఆయన మాట్లాడలేదు. టీ తాగుతూ అడిగాడు, "గా మండపం కాడ నీళ్లు ఎంత ఏడెక్కినయో రాసుకున్నవా?" రోజూ రాశానన్నాను. "ఇంటికి పోయినంక ఆ నోట్‌బుక్ చూపెట్టు."