అడుగు పొడుగు

అమెరికాలో మోంటానా రాష్ట్రంలో ఉన్న గ్లేసియర్ నేషనల్ పార్కు చూసి నిన్న రాత్రే ఇల్లు చేరాం. బ్యాగులు ఇంకా హాల్లోనే పడున్నాయి. వాట్సాప్ గ్రూపులో అందరూ ఫొటోలు పెట్టుకుని మురిసిపోతున్నారు. ప్లానంతా నెత్తినేసుకున్న నాకు మాత్రం ఒక అంకె కళ్లముందు నుంచి కదలడం లేదు. 22.

మొత్తం 14 మందిమి. మేం నలుగురం, అక్కా బావగారూ పిల్లలూ కలిసి నలుగురు, మా స్నేహితుడి కుటుంబం నలుగురు, ఇండియా నుంచి వచ్చిన మా అత్తగారు, మామగారు. పార్కుకి దగ్గర్లోని కాలిస్పెల్‌కి టికెట్లు తేలిగ్గానే దొరికాయి. పార్కు బయట ఇల్లూ దొరికింది. కుక్కర్ ఎవరు తేవాలన్న దాని మీద రెండు రోజులు చర్చ జరిగి, చివరికి రెండు కుక్కర్లు వచ్చాయి.

అసలు కష్టం రిజర్వేషన్ దగ్గరే అనుకున్నాను. ఈ పార్కుకి ప్రాణం ‘గోయింగ్ టు ది సన్’ రోడ్డు. దాదాపు 50 మైళ్లు, కొండ అంచునే చెక్కినట్టు ఉంటుంది, మధ్యలో 6,646 అడుగుల ఎత్తున లోగన్ పాస్ అనే కనుమ. మేం వెళ్లిన 2024 వేసవిలో పడమటి వైపు నుంచి ఉదయం 6 నుంచి మధ్యాహ్నం 3 లోపు ఆ రోడ్డెక్కాలంటే బండికో రిజర్వేషన్ ఉండాల్సి వచ్చింది. ధర 2 డాలర్లే. దొరకడమే గగనం. నాలుగు నెలల ముందు, ఉదయం 8కి వదిలారు. అది మా టైం కాదు, మోంటానా వాళ్ల మౌంటెన్ టైం అని గుర్తులేక గంట ముందే కాచుకుని కూర్చున్నాను, అదీ మంచిదే అయింది. ఒకటి దక్కింది. రెండు కార్లకి రెండు కావాలి కాబట్టి, అందరం ఒకే బండిలో వెళ్దామని 15 సీట్ల వ్యాన్ బుక్ చేశాను. ఈ తెలివికి గ్రూపులో నాకు 11 చప్పట్లు పడ్డాయి. లెక్కపెట్టుకున్నాను.

వ్యాన్ తీసుకుంటూ కౌంటర్లో కుర్రాణ్ణి అడిగాను, ఇది పార్కులో పైదాకా వెళ్తుందా అని. నిక్షేపంగా వెళ్తుందన్నాడు. తలెత్తకుండానే అన్నాడు. అప్పుడే అనుమానం రావాల్సింది.

ఆ రాత్రి భోజనాలయ్యాక మా మేనల్లుడు పార్కు నిబంధనలు చదువుతూ, "మావయ్యా, మన వ్యాన్ 21 అడుగుల లోపేనా?" అన్నాడు. ఆ రోడ్డు మీద అవలాంచ్ క్యాంప్‌గ్రౌండ్ నుంచి రైజింగ్ సన్ దాకా 21 అడుగులకు మించిన పొడుగు, 8 అడుగులకు మించిన వెడల్పు ఉన్న బండ్లు నిషేధం. లోగన్ పాస్ ఉన్నది సరిగ్గా ఆ ముక్కలోనే. ఆ లైను నేనూ నాలుగు నెలల కిందటే చదివాను. అది ఇళ్లంత బండ్లు వేసుకుని తిరిగేవాళ్లకి కాబోలు అనుకుని దాటేశాను.

ఇంట్లో కొలిచే టేపు లేదు. అత్తగారి సంచిలో జాకెట్లు కొలిచే టేపు ఉంది, 60 అంగుళాలది. తుంపర పడుతోంది. బావగారు సెల్‌ఫోన్ లైటు పట్టుకున్నారు. ముందు బంపర్ దగ్గర మేనల్లుడు బొటనవేలితో టేపు కొస అదిమిపట్టాడు, నేను కంకరలో వంగి ఒక్కో కొలతకీ ఒక్కో రాయి పెట్టుకుంటూ వెనక్కి వెళ్లాను. నాలుగు సార్లు వేస్తే 20 అడుగులు. ఐదోసారి టేపు మీద 24 దగ్గర వెనక బంపర్ అయిపోయింది. మళ్లీ వేశాను. మళ్లీ 24.

"బంపర్ లెక్కలోకి రాదేమో" అన్నారు బావగారు.

"బంపర్లతో కలిపే అని రాశారు మావయ్యా. వెడల్పుకి సైడు అద్దాలు కూడా కలపాలట."

"అద్దాలు మడిచేద్దాం" అన్నారాయన. ఇక వెడల్పు కొలవలేదు.

మర్నాడు పొద్దున్నే బావగారితో కలిసి మళ్లీ ఆ కౌంటర్‌కి వెళ్లాను. మీ కుర్రాడే చెప్పాడని గొంతు పెంచాను కూడా. అక్కడున్న పెద్దమనిషి ఏమీ అనలేదు. నాకు వచ్చిన ఈమెయిలే తన కంప్యూటర్లో తెరిచి, స్క్రీన్ నావైపు తిప్పాడు. బండి వివరాల్లో పొడవు 22 అడుగులని ఉంది. ఇంత చిన్న అక్షరాల్లో కాదు, మామూలు అక్షరాల్లోనే. వెనక లైన్లో ఉన్నవాళ్లు కూడా తొంగిచూశారు. బావగారు గోడ మీది మ్యాపు చూస్తున్నట్టు నటించారు, అది ఇంకా మండింది. తిట్టినా బాగుండేది.

వ్యాన్ తిరిగిచ్చినా డబ్బులు రావు. జులైలో అక్కడ చిన్న బండ్లు మిగలవు. ఆరు చోట్ల తిరిగితే ఏడు సీట్ల మినీవ్యాన్లు రెండు దొరికాయి, రెండూ రెండు వేర్వేరు చోట్ల. వాటి అద్దె వ్యాన్ అద్దె కంటే ఎక్కువ. ఇప్పుడు బండ్లు రెండు, రిజర్వేషన్ ఒకటి. మిగిలినవి ముందురోజు సాయంత్రం 7కి వదులుతారని నాలుగు ఫోన్లతో నలుగురం కూర్చున్నాం. పేజీ తెరుచుకునేసరికే అయిపోయాయి.

ఇక మిగిలింది ఉదయం ఆరులోపే లోపలికి వెళ్లిపోవడం. ఆ వేళలో రిజర్వేషన్ అక్కర్లేకపోయింది. మూడింటికే రెండు కుక్కర్లూ కూతలేశాయి, పులిహోర మూటగట్టుకుని బయల్దేరాం. ఎంట్రీ ఫీజు మాత్రం అప్పట్లో బండికి 35 డాలర్లు కట్టాల్సి వచ్చింది, బావగారి 80 డాలర్ల వార్షిక పాసు ఒక్క బండికే చెల్లింది. లోగన్ పాస్‌లో పార్కింగ్ దొరికింది. ఇంకాసేపు ఆగి ఉంటే దొరికేది కాదు. నేను నాలుగు నెలల ముందు గంటసేపు కాచుకుని సంపాదించిన రిజర్వేషన్ మాత్రం ఎవరూ అడగలేదు, నేనూ చూపించలేదు.

అక్కణ్ణుంచి హిడెన్ లేక్ కనిపించే చోటికి ఒకవైపు 1.4 మైళ్లు. జులైలో కూడా దారి మీద మంచు. చీర కింద స్పోర్ట్స్ బూట్లు వేసుకుని అత్తగారు నాకంటే ముందు ఎక్కేశారు. తెల్లటి కొండమేకలు ఎదురొస్తే మనమే 25 గజాలు తప్పుకోవాలి, ఎలుగుబంటికైతే 100 గజాలు. ఎలుగుబంటి మీదికొస్తే దాని మొహాన కొట్టే మిరప ఘాటు స్ప్రే ఒకటుంది, విమానంలో తేనివ్వరు, అక్కడే కొనుక్కోవాలి. దాన్ని దోమల మందులా ఒంటికి రాసుకోవాలా అని అడిగారు అత్తగారు. నవ్వకండి, దానిమీద హెచ్చరిక రాశారంటే అలా అడిగింది మా అత్తగారు ఒక్కరే కాదన్నమాట.

వెళ్లేవాళ్లకి నేను చెప్పేది ఒకటే, కౌంటర్లో కూర్చున్నవాడి మాట నమ్మకండి. వాడు ఆ రోడ్డెక్కి ఉండడు. అన్నట్టు, పార్కులో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, మ్యాపులూ కాగితాలూ ముందే ఫోన్లోకి దింపుకోండి.

వ్యాన్ ఐదు రోజులూ ఇంటి ముందే ఉంది. పిల్లలు అందులో దాగుడుమూతలు ఆడుకున్నారు. తిరిగిచ్చేటప్పుడు అదే కుర్రాడు మీటరు చూసి, "పెద్దగా ఎక్కడికీ వెళ్లినట్టు లేరే" అన్నాడు.