బొడ్డు నారింజ, దాని బొమ్మలు

సూపర్‌మార్కెట్‌లో కింద బొడ్డులా ఉండే నేవెల్ ఆరెంజ్ చూసే ఉంటారు కదా, ఆ బొడ్డు నిజానికి పండు లోపల పెరిగే ఇంకో బుల్లి పండు, సరిగ్గా ఎదగక అలా ఉండిపోతుంది. గింజలుండవు కాబట్టి అంటు కట్టుకోవాల్సిందే, వేరే దారి లేదు.

ఇది బ్రెజిల్‌లోని బాహియాది. 1870 ప్రాంతంలో అమెరికా వ్యవసాయ శాఖలో విలియం సాండర్స్ అనే ఆయన అంటు మొక్కలు తెప్పించాడు, వాటిలోంచి 1873లో కాలిఫోర్నియా రివర్‌సైడ్‌లో ఉండే ఎలైజా టిబ్బెట్స్ అనే ఆవిడకి చేరాయి, అక్కడినుంచి కాలిఫోర్నియా నారింజ వ్యాపారమే మారిపోయింది. ఆ మొదటి చెట్లలో ఒకటి ఇప్పటికీ బతికే ఉంది! సిట్రస్ గ్రీనింగ్ తెగులు తెచ్చే పురుగు రాకుండా దానికి వల కట్టారు.

నాకైతే బొమ్మలే ఎక్కువ నచ్చాయి. కలర్ ఫోటోలు సరిగ్గా లేని రోజులు కాబట్టి ఆ శాఖ 1886 నుంచి ఆర్టిస్టుల్ని పెట్టి పండ్లన్నీ వాటర్‌కలర్‌లో వేయించింది, మొత్తం 7,500 పైనే. డెబోరా పాస్‌మోర్ లాంటి ఆడవాళ్ళే చాలా వేశారు. పండు పైనుంచి ఒకటి, అడ్డంగా కోసి ఒకటి, తొక్క మీద సన్న చుక్కలు, తెల్లటి పొర మందం, అన్నీ ఉంటాయి. మచ్చలు పడ్డవి, కుళ్ళినవి కూడా వదల్లేదు. అన్నీ ఆన్‌లైన్‌లో ఫ్రీ, హై రిజల్యూషన్‌లో దొరుకుతాయి. మన బత్తాయి కూడా స్వీట్ ఆరెంజ్ జాతే, దానికీ ఇలా ఎవరైనా ఓపిగ్గా వేస్తే బాగుండు.