తాగినోడికేం తెలుసు?: తమ్ముడి కేసులో కోర్టు చుట్టూ తిరిగిన నా అనుభవం

మా తమ్ముడి మీద 307, అంటే హత్యాయత్నం కేసు, పడినప్పటి నుంచి తీర్పు దాకా మా ఇంటికి వచ్చినోళ్లంతా ఒకే సలహా ఇచ్చినారు. "తాగిన్యాడు కదమ్మా, తాగినోడికేం తెలుసు, కోర్టులో అదే చెప్పండి, వదిలేస్తారు." మా మేనమామ అన్నాడు, మాజీ సర్పంచ్ అన్నాడు, కరెంటు మీటరు రీడింగుకు వచ్చిన పిల్లోడు కూడా అన్నాడు. నేను అనంతపురంలో టైలరింగ్ షాపు నడుపుకుంటాను కాబట్టి కోర్టు పనంతా నా నెత్తిన పడింది. మోకాళ్ల నొప్పులతో అమ్మ వాయిదా వాయిదాకూ ఊరి నుంచి బస్సెక్కి రాలేదు. అందుకని ఆ సలహాకు కోర్టులో ఎంత విలువుందో దగ్గరుండి చూసింది నేనే. ఇట్లాంటి కేసులో ఇరుక్కున్న ఇంకో ఇంటికి పనికొస్తుందేమోనని రాస్తున్నా.

జరిగింది 2023 ఎండాకాలంలో. మా చేనికీ పక్క చేని మామకూ గెనిమ, అంటే చేని గట్టు, తగాదా ఏళ్ల నాటిది. మామ అంటే చుట్టం కాదు, ఊరి వరస. ఆ పొద్దు సాయంత్రం తమ్ముడు వైన్‌షాపులో సరుకు కొనుక్కుని ఇద్దరు స్నేహితులతో చెరువుకట్ట మీద తాగినాడు. చీకటి పడినాక మోటారుసైకిల్ మీద మామ ఇంటికాడికి పోయినాడు. బండికి స్టాండు వేసినాడు. ఆయన్ని పేరు పెట్టి పిలిచినాడు. ఆయన బయటికి రాగానే కొడవలితో ఒక దెబ్బ వేసినాడు. ఎడమ భుజం దగ్గర ఎముక విరిగింది. వీధి జనం కేకలేస్తే కొడవలి బావిలో పడేసి బీడు చేలల్లోకి పరిగెత్తినాడు. తెల్లారుజామున గుడి వెనక ఊరోళ్లు పట్టుకుంటే "తప్పైపోయింది, మామ కాళ్లు మొక్కుతా, నన్ను కొట్టొద్దండి" అని ఏడ్చినాడంట. ఆ తర్వాతే పోలీసులకు అప్పజెప్పినారు.

ఇందులో ప్రతి ముక్కా తర్వాత కోర్టులో బయటికొచ్చింది. వాడు ఎంత తాగినాడో అడిగినోళ్లు తక్కువ, ఏమేం చేసినాడో అడిగినోళ్లే ఎక్కువ.

రిమాండు చేసి రెడ్డిపల్లి జైలుకు పంపినారు. మొదటి వారంలోనే వాడికి చేతులు వణకడం మొదలైంది, గోడ మీద పాములు పాకుతున్నాయని రాత్రంతా అరిచినాడని తెలిసింది. పెద్దాసుపత్రికి తీసుకుపోయి వైద్యం చేయించినారు. ఏళ్ల తరబడి తాగి ఒక్కసారిగా మానేస్తే అట్లా అవుతుందని అక్కడ చెప్పినారు. ములాఖత్‌లో వాణ్ణి చూసినప్పుడు కోపమంతా పోయి భయం పట్టుకుంది నాకు. ఈ సంగతి లాయరు సారుకు చెప్తే ఆయన వెంటనే, "ఇంతకు ముందు ఎప్పుడైనా మానసిక వైద్యానికి చూపించినారా, కాగితాలేమైనా ఉన్నాయా" అని అడిగినాడు. లేవన్నాను. తాగి తాగి మనిషికి నిజంగా మతి చెడితే అది మత్తు కిందికి రాదంట, మతిస్థిమితం లేనోళ్లకు చెప్పిన 84వ సెక్షను కిందికి వస్తుందంట. అయితే ఆ జబ్బు దెబ్బ వేసిన క్షణానికి ఉందని చూపించాల. మానేసినాక జైల్లో వచ్చిన వణుకు దానికి రుజువు కాదు.

బెయిలుకు సెషన్స్ కోర్టుకు పోయినాం. జామీనుకు ఆస్తి ఉన్న ఇద్దరిని వెతకడం కేసు కంటే కష్టమైంది. దాని గురించి రాస్తే అది వేరే కథ.

లాయరు సారు దగ్గర జూనియరుగా చేసే అమ్మాయి ఓపిక గలది. మా మేనమామ మళ్లీ "తాగినోడికేం తెలుసు" అని అందుకున్న రోజు ఆ పిల్ల పుస్తకం తెరిచి పెట్టింది. శిక్షాస్మృతిలో 85వ సెక్షను మొదటి సగం వింటే మేనమామ గెలిచినట్టే ఉంటుంది: మత్తు వల్ల తాను చేసేదేమిటో, అది తప్పని గానీ చట్టానికి విరుద్ధమని గానీ తెలుసుకోలేని స్థితిలో చేసిన పని నేరం కాదు. రెండో సగంలో ఉంది షరతు. ఆ మత్తు అతనికి తెలియకుండానో, అతని ఇష్టానికి విరుద్ధంగానో ఎక్కించి ఉండాల. సొంత డబ్బుతో కొనుక్కుని తాగినోడికి అందులో చోటు లేదు. ఇంక 86 ఏమంటుందంటే, ఫలానా ఎరుకో ఉద్దేశమో ఉంటేనే నేరమయ్యే పనుల్లో, సొంతంగా తాగినోడికి తాగకపోతే ఎంత ఎరుక ఉండేదో అంతా ఉన్నట్టే లెక్కగడతారు.

మేనమామ ఊరుకోలేదు. "అట్లయితే స్నేహితులు కూల్‌డ్రింకులో ఏదో కలిపినారని చెప్తాం" అన్నాడు. లాయరు సారు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టినాడు. "అన్నా, అబద్ధం సంగతి అట్లుంచు. ఆ మాట చెప్పినోడే రుజువు చేయాల. పోలీసులు కాదు, మనం. సాక్ష్య చట్టం 105లో ఉంది. వైన్‌షాపులో కొన్నది మీవాడే అని చెప్పేదానికి మనిషి ఉన్నాడు. స్నేహితులు తాగు తాగు అని బలవంతం చేసినారంటావా, బతిమాలడం బలవంతం కిందికి రాదు. నోరు తెరిచి పోసినారా?" మేనమామ టీ తాగడానికని లేచిపోయినాడు.

ఇంకో అనుమానం నాకే వచ్చింది. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టం వచ్చింది కదా, మనది అందులో చూడరా అని. చూడరంట. నేరం జరిగిన రోజున ఏ చట్టం ఉందో అదే వర్తిస్తుంది. కొత్త న్యాయ సంహితలో ఈ 85, 86లే 23, 24గా వచ్చినాయి. అందులో చూసినా తాగుడుకు దక్కే లాభమేమీ లేదని జూనియరమ్మాయి నవ్వింది.

ఆ పిల్లే ఒక పాత కేసు చెప్పింది. 1956లో సుప్రీంకోర్టు తీర్పిచ్చిన బాసుదేవ్ కేసు, పెప్సూ రాష్ట్రానిది. అంటే ఇప్పటి పంజాబ్ వైపు. మిలిటరీలో జమేదారుగా చేసి రిటైరైన మనిషి పెండ్లి భోజనాలకు పోయినాడు, బాగా తాగి ఉన్నాడు. కూర్చోడానికి కొంచెం జరగమంటే ఒక పిల్లోడు జరగలేదు. పదిహేను, పదహారేళ్ల పిల్లోడు. పిస్తోలు తీసి కడుపులో కాల్చినాడు. తాగి ఉన్నాడన్నది కోర్టూ కాదనలేదు. ఒక్కోసారి తూలినాడు, మాట కూడా తడబడింది. కానీ పెండ్లింటికి తనంతట తాను నడిచి వచ్చినాడు, కాల్చినాక పారిపోబోయినాడు, పట్టుకుంటే క్షమించమని అడిగినాడు. 86లో చివరికి ఎరుక అన్న మాటే ఉంది గానీ ఉద్దేశం అన్న మాట లేదు, నిజమే. కాబట్టి ఎరుక ఉన్నట్టే తీసుకుంటారు, ఉద్దేశాన్ని మాత్రం జరిగిన తీరును బట్టి, మత్తు ఎంతుందో చూసి తేలుస్తారు. ఉద్దేశమే పుట్టలేనంతగా మునిగిపోయి ఉంటే తప్ప, తన పనికి మామూలుగా ఏ ఫలితం వస్తుందో అదే కోరుకున్నాడని అనుకోవాల్సిందే. హత్య నేరం ఖాయమైంది.

వింటుంటే నాకు ఒళ్లు జలదరించింది. పారిపోవడం, పట్టుకుంటే క్షమాపణ అడగడం, రెండూ మావాడు చేసినవే. ఊరోళ్ల కాళ్ల మీద పడినాడు, మంచోడు, పశ్చాత్తాపం ఉంది అని మేము ఇంటింటికీ చెప్పుకున్నాం. కోర్టులో అది తాను చేసింది తప్పని వాడికి తెలుసు అనడానికి సాక్ష్యం. పోలీసులతో అన్నదైతే రుజువుగా పనికిరాదు గానీ, ఊరోళ్లతో అన్నది పనికొస్తుంది.

మధ్యలో పెద్దమనుషులు రాజీ పెట్టినారు. ఇంత డబ్బు ఇస్తే కేసు పోతుందని. కింది కోర్టులో 307 రాజీకి వచ్చే సెక్షను కాదు, ఆ సంగతి వాళ్లకు ఎంత చెప్పినా ఎక్కలేదు. అయినా మామ ఒప్పుకోలేదు. రచ్చకట్ట దగ్గర ఆయన భార్య అడిగిన మాటకు మాలో ఒక్కరికీ జవాబు దొరకలేదు: "అంత తెలివి తప్పినోడికి నా మొగుడి ఇల్లు ఎట్ల గుర్తొచ్చిందప్పా? దారిలో ఎన్ని ఇండ్లున్నాయి, ఒక్క ఇంటికన్నా పోయినాడా?"

ఆమె చెప్పిందే ప్రభుత్వ లాయరు వాదనలో సగం. బండి తోలినాడు, స్టాండు వేసినాడు, పేరు పెట్టి పిలిచినాడు, ఆయుధం దాచినాడు. డాక్టరు చూసింది మరుసటి రోజు మధ్యాహ్నం, అప్పటికి నోట్లో వాసన లేదు, మాట స్పష్టంగా ఉంది అని రాసినాడు. చెరువుకట్ట మీద కలిసి తాగిన ఇద్దరు స్నేహితులు బోనెక్కి ఆ రోజు మేము ఊళ్లోనే లేమన్నారు. ఒకడైతే తాను మందే ముట్టనన్నాడు. కోర్టులో నవ్వకూడదని తల వంచుకున్నా. అంటే వాడు తాగినాడని చూపించేదానికి కూడా మా దగ్గర గట్టి ఆధారం మిగల్లేదు.

కేసును మార్చింది వేరే సంగతులు. కంప్లయింటులో వేటకొడవలి అని రాసి ఉంది. రాయలసీమ అనగానే ప్రతి కొడవలీ వేటకొడవలే అయిపోతుంది సినిమాల పుణ్యమా అని. బావిలో నుంచి తీసింది మేకలకు కొమ్మలు కొట్టే కొడవలి, మా ఇంటి బండికి ఎప్పుడూ కట్టి ఉండేది. క్రాసులో, అంటే మా లాయరు ఎదురు ప్రశ్నలు వేసినప్పుడు, మామ స్వయంగా ఆ సంగతి ఒప్పుకున్నాడు. ఆయన అబద్ధమాడే మనిషి కాదు. దెబ్బ ఒక్కటే అని కూడా ఆయనే చెప్పినాడు. కిందపడినాక మీద మీద నరకడానికి అడ్డమెవరూ లేరు, జనం రావడానికి కొంచెం సేపు పట్టింది, అయినా రెండో దెబ్బ వేయలేదు. డాక్టరు ఎక్సరే చూసి ఎముక విరిగింది, ప్రాణాపాయం లేదు అన్నాడు.

తర్వాత జడ్జిగారు 313 కింద నిందితుణ్ణి నేరుగా ప్రశ్నలు అడిగే రోజు. తమ్ముడు ప్రతిదానికీ "నాకు గుర్తు లేదు సార్" అన్నాడు. అది నిజమే, నాకూ ఒట్టేసి చెప్పినాడు. బయటికొచ్చినాక లాయరు సారు అన్నాడు, "పొద్దున గుర్తు లేకపోవడం వేరు, రాత్రి తెలియకపోవడం వేరు. మొదటిది ఎంత నిజమైనా రెండోదాన్ని రుజువు చేయదు." ఇంత తిరుగుడులో నాకు బాగా తలకెక్కిన మాట అది.

తీర్పులో 307 నిలబడలేదు. 326 కింద, అంటే మారణాయుధంతో తీవ్ర గాయం చేసినందుకు, మూడేళ్ల కఠిన కారాగారం, జరిమానా. జరిమానాలో ఎక్కువ భాగం మామకు పరిహారం. జూనియరమ్మాయి కాపీ తెచ్చి నాకు అర్థం చెప్పింది. తాగుడు గురించి ఉన్నది చిన్న పేరా: తాగినాడనుకున్నా అది సొంత ఇష్టంతోనే, కాబట్టి ఆ వాదన చెల్లదు. చంపే ఉద్దేశం రుజువు కాలేదని చెప్పిన పేజీల్లో ఒకే దెబ్బ, భుజం మీద, మళ్లీ కొట్టకపోవడం, కొడవలి రకం, ఇవే ఉన్నాయి. మావాడికి కలిసొచ్చింది మత్తు కాదు, రెండోసారి చెయ్యెత్తకపోవడం.

అక్కగా అడిగితే వాణ్ణి వదిలేసి ఉంటే బాగుండుననే అంటాను. కానీ నా షాపు ఉన్న వీధి మొదట్లోనే వైన్‌షాపు ఉంది. షట్టరు దించుకుని రాత్రి ఒక్కదాన్నే ఇంటికి నడుస్తాను. తాగితే చాలు నేరం మాఫీ అయ్యే చట్టం ఉంటే ఆ వీధిలో నేను నడవగలనా?

సత్ప్రవర్తన మీద వదిలిపెట్టే చట్టం ఒకటుందని ఎవరో చెప్తే అదీ అడిగినా. యావజ్జీవం దాకా శిక్ష పడే నేరాలకు అది వర్తించదంట, 326 అట్లాంటిదే. శిక్ష మూడేళ్లకు మించలేదు, అప్పటికే బెయిలు మీద ఉన్నాడు కాబట్టి అప్పీలు వేసుకునేదానికి అదే కోర్టు శిక్షను ఆపి గడువిచ్చింది. నెల లోపల జిల్లా కోర్టులో అప్పీలు వేసినాం. శిక్ష తగ్గించమన్నదే ముఖ్యమైన కోరిక, రిమాండులో ఉన్న రోజులు ఎట్లాగూ తీసేస్తారు.

జరిమానా కట్టేసినాం గానీ అప్పీలు తేలేదాకా మామ భాగం ఆయన చేతికి రాదంట. అది నాకు బాగాలేదు. ఆ భుజంతో ఆయన ఈసారి సేద్యం చేయలేకపోయినాడు. మేమే విడిగా ఏమైనా ఇస్తామంటే తీసుకోలేదు, గెనిమ కొలిపించమన్నాడు. సర్వేకు అర్జీ పెట్టి చలానా కట్టినాను. సర్వేయరు వచ్చే రోజు రెండు పక్కలవాళ్లూ చేనికాడ ఉండాలంట. మా వైపు నుంచి నేనూ అమ్మా పోతాం, తమ్ముణ్ణి రావద్దన్నాం.