యాకిమాలో రెండు గుప్పిళ్ల మొజాయిక్

సియాటిల్ నుంచి యాకిమా దారి చాలామందికి తెలిసిందే. స్నోక్వాల్మీ కనుమ దాకా అడవి, ఎలెన్స్‌బర్గ్ దగ్గర 82వ నంబరు హైవే మీదికి మళ్లగానే ఎండిన బోడికొండలు. హోటల్ సంగతి మాత్రం చెప్పాలి. సెప్టెంబర్ మూడో వారం, బీరుకి చేదూ వాసనా ఇచ్చే హాప్ పూల కోతల సీజన్. మంచం, ఏసీ తప్ప ఏమీ లేని గదికి రాత్రికి 190 డాలర్లు తీసుకున్నారు. ఆ ఏసీ తెల్లవార్లూ మోగుతూనే ఉంది. పొద్దున చిరాగ్గానే బయల్దేరాను.

అంతదూరం వెళ్లింది ఒక అనుమానం తీర్చుకోడానికి. పోయిన చలికాలం ఇంట్లో బీరు కాస్తూ, ఒకే వోర్ట్‌ని, అంటే ఇంకా పులియని మాల్ట్ రసాన్ని, నాలుగు గ్యాలన్ జాడీల్లోకి పంచి, ఒక్కోదాంట్లో ఒక్కో రకం హాప్ వేశాను. ఈస్ట్ ఒకటే, తూకం ఒకటే. పొంగు తగ్గాక జాడీకి 15 గ్రాములు వేసి మూడు రోజులు ఉంచాను. కాస్కేడ్‌లో పంపరపనస తొక్క, వెనకాల కాస్త పూల వాసన. సిమ్‌కోలో పైన్ చెట్టు బంక. సిట్రా మూత తీయగానే గదంతా నిమ్మ, మామిడి. మొజాయిక్ మాత్రం కోసిన ఉల్లిపాయలా కొట్టింది. బ్లూబెర్రీ, మామిడి వస్తాయని అందరూ మెచ్చుకునే రకం అది. జాడీ సరిగ్గా కడగలేదేమోనని మళ్లీ చేశాను. అదే ప్యాకెట్, మళ్లీ అదే ఉల్లిపాయ.

టాపెనిష్ దగ్గర ఒక తోటవాళ్లు రమ్మన్నారు. పద్దెనిమిది అడుగుల స్తంభాలు, పైన తీగలు, వాటినుంచి నేలదాకా దిగిన తాళ్లు. ఒకటి పట్టుకుంటే చేతికి తెలిసిపోయింది, కొబ్బరి పీచు! శ్రీలంక నుంచి తెప్పిస్తారట. హాప్ తీగకి నూగు ముళ్లుంటాయి, గరుకు తాడైతే బాగా పట్టుకుని పాకుతుంది. కోతప్పుడు తాడుతో సహా నరికి లారీలో వేసేస్తారు.

తోట యజమానురాలికి అరవై దాటి ఉంటాయి. నా ఉల్లిపాయ కథ మధ్యలో ఆపకుండా మొత్తం విన్నది. ఆరబెట్టే కొట్టంలోకి తీసుకెళ్లి రెండు గుప్పిళ్ల ఎండు పూలు బల్లమీద పోసింది. రెండూ మొజాయిక్కే. "అరచేతుల్లో గట్టిగా రుద్ది, చేతులు దొప్పలా పట్టి పీల్చు" అంది. రుద్దితే రేకులు చిట్లి పసుప్పచ్చటి పొడి రాలింది. అదే లుపులిన్, వాసనంతా అందులోనే. చేతులు జిగురుజిగురుగా అయిపోయాయి. మొదటి గుప్పెట్లో పండిన మామిడి, కొంచెం బెర్రీ. చేతులు తుడుచుకుని రెండోది రుద్దాను. ఉల్లిపాయ! ఘాటుగా కాదు, కానీ ఆ జాడీలో నాకు తగిలిన వాసన అదే.

మొదటిది పది రోజుల ముందు కోసిందట, రెండోది నిన్న. తీగమీద పువ్వు ముదిరేకొద్దీ గంధకం ఉన్న పదార్థాలు పెరుగుతాయి. వాటిలో కొన్ని పండు వాసననిస్తాయి, మితిమీరితే ఉల్లి, వెల్లుల్లి వైపు పోతుంది. మొజాయిక్ తల్లి సిమ్‌కో, ఆ గుణం దానిలోనూ ఉందని చెప్పింది. మరి అన్నీ ముందే కోసేయొచ్చు కదా అన్నాను. చెయ్యెత్తి కొట్టం చూపించింది. పువ్వు ఇక్కడికి వచ్చేటప్పుడు ముప్పాతిక వంతు నీరే, దాన్ని పది శాతం దగ్గరికి దించాలి. ఒక విడత ఆరేదాకా ఇంకోటి వేయడానికి జాగా లేదు. రకాలన్నీ కొద్ది వారాల్లోనే పక్వానికొస్తాయి, ఏదో ఒక చేను ఆగాల్సిందే.

ఇన్నాళ్లూ రకాలని పోలుస్తున్నాననుకున్నాను. నేను పోల్చింది కోత రోజుల్ని కూడా.

టాపెనిష్‌లోని హాప్ మ్యూజియం చూశాను గానీ ఏమీ బుర్రకెక్కలేదు. దారంతా స్టీరింగ్‌కి చేతులు అంటుకుంటూనే ఉన్నాయి, సబ్బుతో రెండుసార్లు కడిగినా పోలేదు. ఇంటికి చేరగానే ఫ్రీజర్‌లోంచి పాత మొజాయిక్ ప్యాకెట్ తీశాను. రకం పేరుంది, చేదునిచ్చే ఆల్ఫా ఆమ్లాల శాతముంది, పంట సంవత్సరముంది. ఏ రోజు కోశారో లేదు.