చర్ల బస్సులో ఒక ఆధార్ కార్డు

ముందు భద్రాచలం లాడ్జి సంగతి చెప్పాలి, ఆ కోపం ఇంకా పోలేదు. ఫ్యాన్ ఒకటే స్పీడులో తిరిగే రూముకి 1,800, బకెట్ వేడినీళ్ళకి మళ్ళీ 30. దర్శనం బాగానే అయ్యింది, పర్ణశాల కూడా చూశా, అవన్నీ మీరూ చూసినవే కాబట్టి వదిలేస్తున్నా. చర్లలో టీచర్ గా చేస్తున్న నా ఫ్రెండు, ఇంత దూరం వచ్చి తాలిపేరు ప్రాజెక్టు చూడకుండా పోతావా అంటే సరే అని లక్ష్మీనగరం దగ్గర బస్సు కోసం నిలబడ్డా. గంటంపావు. ఫిబ్రవరి నెలలోనే ఆ ఎండేంటో.

బస్సు వచ్చేసరికే ఫుల్. రోడ్డుకి రెండు పక్కలా మిర్చి కల్లాలు ఎర్రగా పరిచి ఉన్నాయి, కిటికీలోంచి ఘాటు కొట్టి బస్సంతా ఒకటే తుమ్ములు. నా పక్కన ఒకామె, ఒళ్ళో ఏడాదిన్నర పిల్లాడు, ఆమె కాళ్ళ దగ్గర సంచి మీద పెద్దమ్మాయి. పిల్లాడి ముక్కు కారుతుంటే ఆమె వేళ్ళతో తుడవట్లేదు, మణికట్టు వెనక వైపుతో తుడుస్తోంది. మొదట అర్థం కాలేదు, తర్వాత ఆ వేళ్ళు చూశా, చివర్లు ఎర్రగా పగిలి ఉన్నాయి. మిర్చి ఏరిన చేతులు. వాడి కంట్లో పడితే ఇక చూస్కోవాలి.

కండక్టర్ వచ్చి ఆధార్ అడిగాడు. ఆమె జాకెట్లోంచి ప్లాస్టిక్ కవరు తీసింది, అందులో ఇంకో కవరు, అందులో కార్డు. ఆయన అటూ ఇటూ తిప్పి "ఇది ఛత్తీస్‌గఢ్ దమ్మా, మన తెలంగాణది ఉంటేనే జీరో టికెట్, డబ్బులియ్యి" అన్నాడు. పెద్దమ్మాయిది మాత్రం ఇక్కడి అడ్రస్సే, ఆశ్రమ స్కూల్లో ఉన్నప్పుడు తీయించారట. ఒకే ఇంటి మనుషులు, కూతురికి ఫ్రీ, తల్లికి టికెట్. కండక్టర్ ని అనడానికేం లేదు, చెకింగ్ వస్తే ఆయన ఉద్యోగానికే ఎసరు. నేనిస్తానంటే ఆమె తల అడ్డంగా ఊపి, ముడి విప్పి నలిగిన నోట్లు లెక్కపెట్టి ఇచ్చింది.

వెనక సీటాయన ఊరుకోడు కదా. "గుత్తికోయలు సార్, అడవంతా నరికేస్తున్నారు, ఆ రేంజర్ని చంపింది వీళ్ళు కాదూ" అన్నాడు, వాళ్ళకి వినపడేలాగే. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన ఆదివాసీల్ని ఇక్కడ అలాగే పిలుస్తారు. 2022 నవంబర్లో ఇదే జిల్లాలో పోడు గొడవలో ఒక అటవీ అధికారిని నరికి చంపిన మాట నిజమే. ఆయనకీ ఇల్లూ పిల్లలూ ఉన్నారు, అది చిన్న విషయమని నేననను. కానీ ఆ కేసుకీ ఈ మిర్చి చేతులకీ లింకేంటి? ఆ అమ్మాయి కిటికీ వైపు తిరిగి కూర్చుంది. కాసేపాగి నాతో మెల్లగా అంది, "మేం గుత్తికోయలం కాదు సార్, మురియావాళ్ళం. ఆ పేరు ఇక్కడోళ్ళు పెట్టింది."

అక్కణ్ణుంచి చర్ల దాకా ఆ పిల్లే మాట్లాడింది. తల్లి కోయలో చెప్తుంటే తెలుగులో నాకు చెప్పేది. వాళ్ళది బీజాపూర్ జిల్లా ఊసూరు వైపు. 2005లో సల్వాజుడుం మొదలైంది కదా, మావోయిస్టులకి వ్యతిరేకంగా ఊళ్ళవాళ్ళకే తుపాకులిచ్చి దానికి శాంతి యాత్ర అని పేరు పెట్టారు. జుడుం క్యాంపుకి పోతే మావోయిస్టులు ఇన్ఫార్మర్ అంటారు, పోకపోతే జుడుంవాళ్ళు నక్సలైట్ అంటారు. అప్పటి దంతెవాడ జిల్లాలో 644 ఊళ్ళు ఖాళీ అయ్యాయని లెక్క. 2011 జులైలో సుప్రీంకోర్టు అలా తుపాకులివ్వడం రాజ్యాంగ విరుద్ధమని చెప్పింది, ఆ బెంచిలో మన జస్టిస్ సుదర్శన్ రెడ్డి గారున్నారు. తీర్పొచ్చేసరికి ఈమె ఇల్లు కాలి ఐదేళ్ళు. పదేళ్ళ పిల్లప్పుడు నాన్న వెంట మూడు రాత్రులు నడిచి గోదావరి వైపు వచ్చిందట.

ఏమేం వదిలేసి వచ్చారు అని అడిగా. ఆవులు పదకొండు, ఇప్పచెట్లు నాలుగు అంది. చెట్లని కూడా లెక్కపెట్టి చెప్పింది చూడండి. ఇక్కడ సొంతానికి ఏమీ లేదు. పోడు కొడితే ఫారెస్టోళ్ళు వచ్చి గుడిసెలు పీకేస్తారు, రెండుసార్లు అయ్యింది. వాగులో చెలమ తవ్వుకుని నీళ్ళు. మిర్చి సీజన్లో రోజుకి 300, అది అయిపోతే తునికాకు. ఎస్టీ సర్టిఫికెట్ అక్కడ పనికొస్తుంది, ఇక్కడ చెల్లదు. వెనక్కి పోవచ్చుగా అన్నా, తెలివితక్కువగా. 2025 ఏప్రిల్ నుంచి మే దాకా సరిహద్దులో ఉన్న కర్రెగుట్టల మీద మావోయిస్టుల కోసం ఇరవై ఒక్క రోజులు బలగాల ఆపరేషన్ నడిచింది కదా, ఆ హెలికాప్టర్లకి ఈ బుడ్డోడు, అప్పుడు నెలల పిల్లాడు, నిద్రపోయేవాడు కాదట. ఆ కార్డులో ఉన్న ఊళ్ళో ఇప్పుడు వాళ్ళకి ఇల్లూ లేదు, చెప్పుకోడానికి మనిషీ లేడు.

ఇది నాకు కొత్త కథేం కాదు, అదే గుచ్చుకుంది. మాది జగిత్యాల దగ్గర పల్లె. 1990లో ఒక రాత్రి అన్నలొచ్చి అన్నం అడిగితే నానమ్మ పెట్టింది, పెట్టనంటే ఊరుకుంటారా, మూడోనాడు పోలీసులొచ్చి బాపుని జీపెక్కించుకుపోయారు. ఎన్ని ప్లేట్లు కడిగినవ్ అని నానమ్మని అడిగారట. బాపు తిరిగొచ్చాక బర్రెల్ని అగ్గువకి అమ్ముకుని కరీంనగర్ వచ్చేశాం. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు, టౌన్లో, పోలీస్ స్టేషన్ కి రెండు వీధుల అవతలే ఉంటూ కూడా నానమ్మ ఎంగిలి ప్లేట్లు రాత్రికి రాత్రే తోమి బోర్లించేది. పొద్దున కడుగుదాం లేవే అని అమ్మ అంటే వినేది కాదు, మేమేమో నవ్వేవాళ్ళం. కానీ మా రేషన్ కార్డు మా వెంటే వచ్చింది, నా క్యాస్ట్ సర్టిఫికెట్ నాకిచ్చారు, దాంతోనే చదివా, దాంతోనే ఉద్యోగం. జగిత్యాల అప్పుడు కరీంనగర్ జిల్లాలోదే, మేం జిల్లా కూడా దాటలేదు మరి. వీళ్ళు నడుస్తూ నడుస్తూ రాష్ట్రం దాటారు, అడవిలో ఆ గీత ఎక్కడుందో ఎవరికి కనిపిస్తుంది?

చర్లలో దిగాం. తాలిపేరు నీళ్ళు బాగున్నాయి, ఫ్రెండు వాళ్ళావిడ చేసిన చేపల పులుసు ఇంకా బాగుంది. ఆ నీళ్ళు కూడా ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చేవే, వాటిని ఎవరూ కార్డు అడగరు అని నేనేదో పెద్ద డైలాగు కొడితే ఫ్రెండు "నీకేంరా, రేపు బస్సెక్కి పోతవ్" అన్నాడు.

దిగే ముందు ఆ పిల్ల ఒకటి అడిగింది. ఈ ఏడాది టెన్త్ రాస్తోంది. "సార్, కరీంనగర్ల సర్టిఫికెట్ అడగకుండా హాస్టల్ సీటిచ్చే కాలేజీ ఉంటదా?" కనుక్కుంటా అని టికెట్ వెనక నా నంబర్ రాసిచ్చా. ఫోన్ ఇంకా రాలేదు. ఇక్కడ నాకు తెలిసిన లెక్చరర్లు ఇద్దరిని అడిగా, పిల్లకి మార్కులెన్ని వస్తాయి అని ఒక్కరూ అడగలేదు, ఏ క్యాస్టు, సర్టిఫికెట్ ఉందా అన్నారు ఇద్దరూ.